ట్యాపెట్ల చప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దాళ్వా ధాన్యం ఇళ్లకు చేరి, కాలువలు కట్టేసిన తరువాత గోదావరి డెల్టాలో పాత బళ్లకు మంచి రోజులు వస్తాయి. పొలం పని లేని ఆ నాలుగు వారాలలో కొట్టంలో గోనెసంచుల కింద పడి ఉన్న బండి బయటికి వస్తుంది, షెడ్డుకు వెళుతుంది, ఏదో ఒక చప్పుడుతో తిరిగి ఇంటికి వస్తుంది. ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంజను వాల్వులను తెరిపించే ముక్కలైన ట్యాపెట్ల చప్పుడు గురించినవే కనుక ఈ సంచికలో శీర్షిక మొత్తం దానికే కేటాయించాము.

ప్రశ్న: మా నాన్నగారు 1984లో కొన్న బుల్లెట్ 350 మూడేళ్లు కదలకుండా ఉండిపోయింది. ఈ మధ్య కార్బురేటర్ శుభ్రం చేయించి, ఆయిలు మార్పించి నడుపుతున్నాను. బండి చక్కగా లాగుతోంది, పొగ లేదు, కానీ కుడివైపు నుంచి టకటకమని ఆగకుండా చప్పుడు వస్తోంది. మా ఊరిలో రొయ్యల చెరువుల ఇంజన్లు బాగుచేసే మెకానిక్ ట్యాపెట్లు సరిచేసిన తరువాత అది ఇంకా పెరిగింది. రాజోలులో ఒకరు హెడ్డు విప్పాలని అంటున్నారు, నరసాపురంలో మరొకరు బోరు చేయించి పిస్టను మార్చాలని అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకుడు, రాజోలు దగ్గర

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. బండి చక్కగా లాగుతోంది, పొగ లేదు అని మీరే రాశారు; అటువంటి ఇంజనును విప్పడానికి చప్పుడు ఒక్కటే కారణంగా చాలదు. విప్పే ముందు ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో, ఎంత వేగంతో వస్తోందో, ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతోందో తెలుసుకోవాలి. ఈ మూడింటికీ చెవి, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు, అరగంట ఓపిక ఉంటే సరిపోతుంది.

మొదట వేగం సంగతి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు (పిస్టను తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు ఒక్కసారి మాత్రమే తెరుచుకుంటుంది. బుల్లెట్ నిమిషానికి 800 చుట్లతో నిదానంగా తిరుగుతున్నప్పుడు ఒక వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడు సార్లు మూసుకుంటుంది. పిస్టను కానీ కనెక్టింగ్ రాడ్డు కానీ చేసే చప్పుడు క్రాంకుతో సమానమైన వేగంతో వస్తుంది కనుక అది దీనికి రెట్టింపు తొందరగా వినిపిస్తుంది. ఇంజను ఎంత తొందరగా తిరుగుతోందో ఆ లెక్కకు చప్పుడు నింపాదిగా, తేలికగా, గోటితో ఇత్తడి గిన్నె మీద కొట్టినట్టు ఉంటే అది వాల్వుల సరంజామాలో పుట్టినదని అనుకోవచ్చు. బరువుగా, దబదబమని, ముఖ్యంగా ఏటిగట్టు ఎక్కేటప్పుడు ఇంజను మీద భారం పడితే పెరిగేదిగా ఉంటే అది కింది బేరింగుల చప్పుడు. అప్పుడు మాత్రం బండి ఆపివేయవలసిందే. చల్లగా ఉన్నప్పుడు గలగలలాడి, రెండు మూడు కిలోమీటర్లు వెళ్లేసరికి తగ్గిపోయేది పిస్టను బోరుకు తగులుకునే చప్పుడు. దానికి తొందరపడి బోరు చేయించనక్కరలేదు. పొగ, ఆయిలు ఖర్చు మొదలైన తరువాత ఆలోచించవచ్చు.

ఇక చోటు. ఇంజను నిదానంగా తిరుగుతుండగా స్క్రూడ్రైవరు పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించి, దాని కొనను ఒక్కొక్క చోట మోపి వినండి: రాకర్ (వాల్వును నొక్కి తెరిచే మీట) మూతలు రెండింటి మీద, బోరు పక్కనున్న ట్యాపెట్ మూత మీద, టైమింగ్ కవరు మీద, చివరగా ఎడమవైపు ప్రైమరీ చైను కవరు మీద. కండువా, లుంగీ కొంగు వంటివి ముందుగా బిగించుకోండి. చప్పుడు ఏ మూత మీద స్పష్టంగా, పదునుగా వినిపిస్తే మూలం ఆ దగ్గరలోనే ఉంటుంది. ఎడమ కవరు మీద ఎక్కువగా వినిపిస్తే అది వదులైన ప్రైమరీ చైను కావచ్చు. దానికి ట్యాపెట్లతో ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ ఒక మోసగాడిని కూడా పరిచయం చేయాలి. సైలెన్సరు బెండు హెడ్డులోకి దూరే చోట వదులుగా ఉండి గ్యాసు చిమ్మితే, ఆ చప్పుడు అచ్చంగా ట్యాపెట్ కొట్టుకున్నట్టే, అదే వేగంతో వస్తుంది, ఎందుకంటే ఎగ్జాస్టు వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ గ్యాసు వెలువడుతుంది. అనుభవం ఉన్న చెవులు కూడా దీని దగ్గర పొరపాటు పడటం నేను చూశాను. ఆ అతుకు చుట్టూ నల్లటి మసి కట్టి ఉందేమో చూడండి. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేసి, మడతపెట్టిన తడి గుడ్డతో సైలెన్సరు చివరను ఒకటి రెండు క్షణాలు సగం మూయండి. చప్పుడు పెరిగితే నేరం బెండుదే.

ఈ పరీక్షలన్నీ ట్యాపెట్లవైపే వేలు చూపిస్తాయని నా అనుమానం. దానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీ మెకానిక్ నిత్యం చేసేది చెరువు గట్టు మీది డీజిల్ ఇంజన్ల పని. ఆ ఇంజన్లలో రాకరుకూ వాల్వుకూ మధ్య ఫీలర్ గేజి రేకు దూర్చి, కంటికి కనిపించేంత ఖాళీ వదలడం పద్ధతి. పోత ఇనుప బోరు ఉన్న పాత బుల్లెట్‌కు ఆ లెక్క పనికిరాదు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీలు ఉన్న ఈ ఇంజనులో కింది ట్యాపెట్ కదలికను పైనున్న రాకరుకు చేర్చి వాల్వులను తెరిచే పని అల్యూమినియం పుష్‌రాడ్లది. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆ పుష్‌రాడ్డును రెండు వేళ్లతో తిప్పితే తిరగాలి, కానీ పైకీ కిందికీ ఏమాత్రమూ ఆడకూడదు. అంటే ఖాళీ దాదాపు సున్నా. ఎగ్జాస్టు పుష్‌రాడ్డు ఇన్‌లెట్ దాని కంటే ఒక్క పిసరు తేలికగా తిరిగితే మంచిది. డీజిల్ ఇంజను ఖాళీని తెచ్చి దీనికి పెడితే టకటకలాడక ఏం చేస్తుంది?

ఖాళీ పెరిగితే చప్పుడు ఎందుకు వస్తుందో కూడా చెప్పుకోవాలి. ట్యాపెట్‌ను ఎత్తే కామ్ ముక్కు ఒక్కసారిగా లేవదు. దాని మొదట్లో అతి తక్కువ వాలుగా ఉండే ఒక భాగం ఉంటుంది. ట్యాపెట్, పుష్‌రాడ్డు, రాకరు, వాల్వు వీటి మధ్య ఉన్న ఖాళీని మెల్లగా పూడ్చి, ఆ తరువాత వాల్వును నెట్టడం ఆ వాలు చేసే పని. ఖాళీ ఎక్కువైతే ఆ వాలు అయిపోయి, కామ్ నిటారుగా లేచే చోటికి వచ్చాక గానీ రాకరు వాల్వును అందుకోదు. అందుకున్నప్పుడు సుత్తితో కొట్టినట్టు అందుకుంటుంది. మూసుకునేటప్పుడు కూడా అంతే, వాల్వు సీటు మీద మెల్లగా వాలవలసింది పోయి దబ్బున పడుతుంది. మీరు వింటున్నది ఆ రెండు దెబ్బలనే.

సరిచేసే విధానం ఇది. రాత్రంతా ఆగి ఉన్న బండి మీద, ఉదయం, స్టార్టు చేయకముందే పని మొదలుపెట్టండి. షెడ్డుకు నడిపించుకుని వెళ్లి, వేడిగా ఉన్న ఇంజను మీద సరిచేయిస్తే ఆ కొలతకు అర్థం లేదు. మీ విషయంలో అది కూడా జరిగి ఉండవచ్చు. ప్లగ్గు తీసి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కుతూ పిస్టనును కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తీసుకురావాలి. దీనికి బుల్లెట్‌లో ఒక చక్కని వెసులుబాటు ఉంది. పాయింట్లు (ప్లగ్గుకు స్పార్కు ఇప్పించే స్విచ్చు) ఉన్న పాత బండి కనుక తాళం తిప్పి అమ్మీటరు ముల్లును చూడండి: పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ముల్లు ఎడమకు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. ఆ తెరుచుకోవడం కంప్రెషన్ పైకొస దగ్గరే జరుగుతుంది కనుక అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉన్నాయని నమ్మవచ్చు. పని చూసుకుని వెంటనే తాళం తీసేయండి, లేకపోతే కాయిలు వేడెక్కుతుంది. పిస్టను ఎక్కడుందో తెలుసుకోవడానికి ప్లగ్గు రంధ్రంలో కొబ్బరి ఈనె పెట్టే అలవాటు మన ప్రాంతంలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఈనె విరిగి లోపల పడితే దానికోసం నిజంగానే హెడ్డు విప్పవలసి వస్తుంది.

బోరు పక్కనున్న ట్యాపెట్ మూత తీస్తే పుష్‌రాడ్ల కింది కొసలు కనిపిస్తాయి. అక్కడ మూడు చోట్ల స్పానర్లు పట్టాలి: ట్యాపెట్ తిరగకుండా ఒకటి, లాక్‌నట్‌కు ఒకటి, పైన ఉన్న అడ్జస్టరు తలకు ఒకటి. మూడు స్పానర్లూ సన్నగా ఉండాలి, చేతులు రెండే ఉంటాయి, చోటు ఇరుకు. ఈ పని మీద మెకానిక్కులకు ఉన్న విసుగంతా అక్కడే ఉంది. లాక్‌నట్ బిగించేటప్పుడు అడ్జస్టరు కొద్దిగా కదిలి ఖాళీ మారిపోవడం సహజం కనుక బిగించిన ప్రతిసారీ పుష్‌రాడ్డును మళ్లీ తిప్పి చూడండి. ముందు ఒక్క ట్యాపెట్టే సరిచేసి, మూత పెట్టి, స్టార్టు చేసి వినండి. మరుసటి ఉదయం రెండోది. ఒకేరోజు రెండూ సరిచేస్తే చప్పుడు తగ్గుతుంది కానీ దోషం దేనిదో మీకు ఎన్నటికీ తెలియదు, ఆరు నెలల తరువాత మళ్లీ వచ్చినప్పుడు ఆ తెలివిడి అవసరం పడుతుంది.

ఖాళీ సరిగా ఉన్నా చప్పుడు పోకపోతే అప్పుడు అరుగుదల కోసం వెతకాలి. అన్నిటికంటే ముందు పుష్‌రాడ్లను బయటికి తీసి చూడండి. అల్యూమినియం కడ్డీ కొసలకు ఉక్కు టోపీలు బిగించి ఉంటాయి. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న తరువాత ఆ టోపీ వదులై తనలో తానే కొట్టుకుంటుంది. చేత్తో పట్టి లాగినప్పుడు గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది కనుక ఒక కొసను గట్టి చెక్క మీద తట్టి వినండి, గలగలమంటే ఆ రాడ్డును మార్చండి. అద్దం పలక మీద దొర్లిస్తే వంకర ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. తరువాత రాకరు వాల్వు మీద మోపే చోటు; అక్కడ గుంట పడిందేమో గోటితో తడిమి చూడాలి. రాకర్లను పట్టి ఉంచే బ్లాకులు రెండేసి సగాలుగా ఉంటాయి, ఏ సగం దేనికి జత అయినదో గుర్తు పెట్టకుండా విప్పారంటే మళ్లీ కలిపిన తరువాత రాకరు బిగుసుకుపోవడమో, వదులుగా ఆడటమో తప్పదు.

మీ బండి మూడేళ్లు ఆగి ఉన్నదన్న మాటను నేను మరిచిపోలేదు. మన గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. ఆగిపోయిన ఇంజనులో ఒక వాల్వు తెరిచి ఉండిపోతే ఆ కామ్ ముక్కు మీదా, ట్యాపెట్ పాదం మీదా ఆయిలు పొర జారిపోయి తుప్పు పుడుతుంది. తరువాత ఆయిలు మార్చినా ఆ గుంటలు పూడవు. ట్యాపెట్ మూత తీసి ఉండగా క్రాంకును మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క ట్యాపెట్ లేవడం, దిగడం చూడండి. సాఫీగా కాకుండా గరగరమని కదులుతున్నట్టు వేలికి తెలిస్తే టైమింగ్ కవరు విప్పి కామ్‌లను చూడక తప్పదు. అప్పుడు కూడా హెడ్డుతో పని లేదని గమనించండి. బుల్లెట్ కామ్‌లు రెండూ కింద, కుడివైపు టైమింగ్ అరలోనే ఉంటాయి.

ఆయిలు రాకర్ల వరకు ఎక్కుతోందా అన్న సంగతి కూడా ఒకసారి చూడాలి. టైమింగ్ వైపు నుంచి హెడ్డుకు బయటి పైపు ద్వారానే ఆయిలు వెళుతుంది. ఇంజను నిదానంగా తిరుగుతుండగా హెడ్డు దగ్గర ఆ పైపు బోల్టును అర చుట్టు వదులు చేస్తే ఆయిలు ఊరాలి. ఊరకపోతే చప్పుడు సంగతి తరువాత, వెంటనే ఇంజను ఆపి పైపునూ పంపునూ చూడండి.

ప్రశ్న: మా బుల్లెట్ ట్యాపెట్ల చప్పుడుకు 90 నంబరు గేరు ఆయిలు సగం కలిపి పోస్తే తగ్గిపోతుందని మా షెడ్డులో చెప్పారు. పోస్తే నిజంగానే తగ్గింది. దీనివల్ల నష్టం ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఉంది. చప్పుడు తగ్గిందంటే దోషం తగ్గినట్టు కాదు. చిక్కటి ఆయిలు ఆ ఖాళీలో మెత్తలాగా నిలిచి దెబ్బను వినిపించకుండా చేస్తోంది. పోత ఇనుప బుల్లెట్‌కు సరిపడేది 20డబ్ల్యూ-50 ఆయిలు. దాని కంటే చిక్కనిదైతే చల్లటి ఉదయం స్టార్టు చేసినప్పుడు ఆ సన్నటి పైపు గుండా రాకర్ల వరకు ఎక్కడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ కొన్ని క్షణాలు రాకర్లు, వాల్వు కొసలు పొడిగా రాసుకుంటాయి. గేరు ఆయిలులో కలిపే మందులు గేరు పళ్ల కోసం ఉద్దేశించినవి, మండే ఇంజను వేడికీ మసికీ తట్టుకోవడానికి కావు. కనుక అది తీసివేసి, మంచి ఆయిలు పోసి, పైన చెప్పిన పద్ధతిలో ట్యాపెట్లు సరిచేయించండి. రాకర్ మూత లోపల తెల్లటి మీగడ వంటి నురుగు కనిపిస్తే కంగారు పడకండి. ఇంటి నుంచి చెరువు దాకా, చెరువు నుంచి ఇంటి దాకా రెండేసి కిలోమీటర్లు మాత్రమే నడిచే బళ్లలో ఇంజను పూర్తిగా వేడెక్కక తేమ ఆయిలులో కలవడం వల్ల అలా జరుగుతుంది. వారానికి ఒకసారైనా భీమవరం వరకో, తణుకు వరకో ఆపకుండా వెళ్లి రండి. ఆయిలు మాత్రం పుస్తకంలో రాసిన దాని కంటే ముందుగానే మార్చండి.

ప్రశ్న: నా దగ్గర పాత హీరో హోండా సీడీ 100 ఉంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంజను ముందు భాగంలో సర్రుమని ఒక చప్పుడు వస్తోంది. ట్యాపెట్లు మూడుసార్లు సరిచేయించాను, ఫలితం లేదు. మొదటిసారి 0.05 పెట్టారు, రెండోసారి ఇంకా బిగించారు, మూడోసారి ఇంకా.
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మూడోసారితో ఆపించండి, నాలుగోసారి బిగిస్తే వాల్వు కాలిపోతుంది. మీరు రాసిన రెండు మాటలే రోగం చెబుతున్నాయి: ఒకటి, చప్పుడు టకటకమని కాకుండా సర్రుమని ఉండటం, రెండు, యాక్సిలరేటరు వదిలినప్పుడు రావడం. అది ట్యాపెట్ కాదు, టైమింగ్ చైను.

ఈ ఇంజనులో కామ్ పైన హెడ్డులోనే ఉంటుంది కనుక పుష్‌రాడ్లు లేవు. క్రాంకు నుంచి కామ్ వరకు ఒక సన్నని చైను ఎడమవైపు నడుస్తుంది. అది వదులు కాకుండా స్ప్రింగు బలంతో ఒక కడ్డీ నెడుతూ ఉంటుంది. స్ప్రింగు చచ్చినా, కడ్డీ కొసనున్న రబ్బరు అరిగినా, రోలర్ల రబ్బరు గట్టిపడినా చైను ఊగి గోడలకు తగులుతుంది. యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు చైనులో ఒక పక్క లాగి పట్టి ఉంటుంది, వదలగానే ఆ బిగువు సడలి ఊపు మొదలవుతుంది. మీరు వింటున్నది దానినే. స్క్రూడ్రైవరును బోరుకు ఎడమ పక్కన, ఆ తరువాత ట్యాపెట్ మూతల మీద మోపి పోల్చి చూస్తే అనుమానం తీరిపోతుంది. చైను, కడ్డీ కొస రబ్బరు, స్ప్రింగు, రోలర్లు అన్నీ ఒకేసారి మార్పించండి. ఒక్క చైనే మార్చి అరిగిన రోలర్ల మీద నడిపితే ఏడాది తిరగకుండా అదే చప్పుడు మళ్లీ వింటారు.

ట్యాపెట్లను తిరిగి 0.05 మిల్లీమీటర్లకే పెట్టించండి, చల్లటి ఇంజను మీద, ఫ్లైవీలు మీది టీ (T) అక్షరం గుర్తు ఎదురుగా ఉండగా. అయితే ఆ గుర్తు క్రాంకు చుట్టు తిరిగిన ప్రతిసారీ వస్తుంది. అందులో ఒకటి కంప్రెషన్, ఇంకొకటి కాదు. రెండు రాకర్లనూ వేలితో కదిపి చూడండి, రెండూ కొద్దిగా ఆడుతుంటే సరైన చోటు. ఒకటి బిగుసుకుని ఉంటే ఇంకొక చుట్టు తిప్పాలి. షెడ్డులో ఫీలర్ గేజి లేదని హ్యాక్సా బ్లేడు ముక్క వాడితే అక్కడి నుంచి లేచి రండి. ఆ బ్లేడు మందం అరమిల్లీమీటరు పైనే ఉంటుంది, ఇక్కడ కావలసిన దానికి పది రెట్లకు మించి. ప్లగ్గు ఖాళీ చూడటానికి అది పనికొస్తుందేమో కానీ దీనికి కాదు.

గేజి రేకు కూడా ఒక్కొక్కసారి అబద్ధం చెబుతుంది. రాకరు కొసన సన్నటి గుంట పడి ఉంటే చదునైన రేకు ఆ గుంట అంచుల మీద నిలుస్తుంది, లోపలికి దిగదు. మీరు 0.05 అనుకుంటారు, వాల్వు కొస ఆ గుంటలోనే పనిచేస్తుంది కనుక అసలు ఖాళీ దానికి రెండు మూడింతలు ఉంటుంది. ట్యాపెట్ మూత తీసినప్పుడు టార్చిలైటు వేసి ఆ కొసను ఒకసారి చూడమనండి.

ఈ బళ్లలో ఆయిలు తగ్గితే మొదట దెబ్బతినేది పైనున్న కామ్, రాకర్లే. కనుక ఆయిలు కొలిచేటప్పుడు బండిని నిటారుగా నిలబెట్టి, పుల్లను తుడిచి, మరలో తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పి చూస్తే ఉన్నదాని కంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. మీ ఇంజను ఇంతకాలం తక్కువ ఆయిలుతో నడవలేదు కదా?

ప్రశ్న: నా యమహా ఆర్‌ఎక్స్ 100లో ట్యాపెట్లు కొట్టుకుంటున్నాయి. ఎంత ఖాళీ పెట్టాలి?
— ఒక పాఠకుడు, యానాం

జవాబు: అది రెండు స్ట్రోకుల ఇంజను, అందులో ట్యాపెట్లే లేవు. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య రీడ్ వాల్వు ఒకటి ఉంది కానీ అది పల్చటి రేకులతో దానంతట అదే తెరుచుకుని మూసుకునేది, సరిచేయడానికి ఖాళీ ఏమీ ఉండదు. మీరు వింటున్నది పిస్టను బోరుకు తగులుకునే చప్పుడైనా అయి ఉండాలి, పిస్టను పిన్ను కింది సూది బేరింగు అరిగిన చప్పుడైనా అయి ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉంటే మొదటిది. వేడెక్కినా పోకుండా సన్నగా ఇత్తడి చప్పుడు వస్తుంటే రెండోది. దానిని వాయిదా వేయవద్దు. ట్యాపెట్లు సరిచేశామని ఎవరైనా మీ దగ్గర డబ్బు తీసుకుని ఉంటే ఆ షెడ్డు గుమ్మం మళ్లీ తొక్కకండి.

ప్రశ్న: నాది వీరందరికీ వ్యతిరేకమైన కష్టం. నా పాత బుల్లెట్‌లో మొదట ట్యాపెట్ల చప్పుడు ఉండేది, ఏమీ చేయకుండానే కొన్ని నెలలుగా దానంతట అదే తగ్గిపోయింది. సంతోషించాను. ఇప్పుడు ఉదయం పూట స్టార్టు కావడానికి పది పదిహేను కిక్కులు పడుతున్నాయి, కిక్కు కూడా తేలికగా దిగిపోతోంది. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) దిగి గట్టు ఎక్కేటప్పుడు మునుపటిలా లాగడం లేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నన్ను కలవరపెట్టినది మీది ఒక్కటే. సంబంధం ఉంది. అరుగుదల వల్ల చప్పుడు పెరగాలి కానీ తగ్గకూడదు. ఎవరూ చేయి పెట్టకుండానే ఖాళీ తగ్గిపోయిందంటే వాల్వు తన సీటులోకి లోతుగా దిగిపోతోందని అర్థం. వాల్వు తల ఎంత లోపలికి దిగితే దాని కాడ అంత పైకి వస్తుంది. ఖాళీ మొత్తం అది తినేసిన తరువాత రాకరు ఆ వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు. అప్పుడు కంప్రెషన్ జారిపోతుంది, కిక్కు తేలికవుతుంది, మీరు రాసిన లక్షణాలన్నీ వరుసగా వస్తాయి.

ఎగ్జాస్టు వాల్వు విషయంలో ఇది మరీ ప్రమాదం. మండిన గ్యాసు మధ్య ఎర్రగా కాగే ఆ వాల్వు, మూసుకుని సీటుకు ఆనుకుని ఉన్న కొద్ది సమయంలోనే తన వేడిని సీటుకు అప్పగించి చల్లబడుతుంది. వెంట్రుకవాసి తెరిచి ఉన్నా వేడి దిగే దారి పోతుంది, పైగా ఆ సందులోంచే మంట చిమ్ముతుంది, అంచు కాలి ముక్క ఊడిపోతుంది. కొంచెం చప్పుడు చేసే ట్యాపెట్‌తో సంవత్సరాలు తిరగవచ్చు. బిగుసుకున్న ట్యాపెట్‌తో తిరగడం వాల్వును పొయ్యిలో పెట్టి ఊదడమే.

పాత బళ్లలో ఈ ఇబ్బందికి ఇంకొక కోణం ఉంది. మన దేశంలో 2000 సంవత్సరం మొదటి వరకు పెట్రోలులో సీసం కలిపేవారు. అది పిల్లల మెదడుకు విషం కనుక తీసివేయడం మంచిదే అయింది, కానీ వాల్వుకూ సీటుకూ మధ్య పల్చటి పొరలా నిలిచి అరుగుదలను ఆపే పని కూడా అది చేసేది. మెత్తటి సీట్లు ఉన్న పాత హెడ్డును గంటల తరబడి పూర్తి వేగంతో లాగిస్తే ఆ పొర లేనందువల్ల సీటు తొందరగా అరుగుతుంది. గట్టు రోడ్ల మీద నిదానంగా నడిచే బళ్లలో అది పెద్దగా కనిపించదు. కానీ మీరు మధ్యలో హైవే ఎక్కి రాజమండ్రి, విశాఖపట్నం తిరిగిన కాలం ఏదైనా ఉంటే ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు చేయవలసినది. రేపు ఉదయం, చల్లటి ఇంజను మీద, పుష్‌రాడ్లు రెండింటినీ వేళ్లతో తిప్పి చూడండి. ఎగ్జాస్టుది తిరగకుండా బిగుసుకుని ఉంటే అది తేలికగా తిరిగే వరకు అడ్జస్టరును దించండి. స్టార్టు చేసేటప్పుడు కంప్రెషన్ వదలడానికి వాడే డీకంప్రెసర్ తీగ బిగువుగా ఉండి ఎగ్జాస్టు వాల్వును ఎత్తి పట్టుకున్నా ఇవే లక్షణాలు వస్తాయి కనుక ఆ తీగకు కొద్దిగా వదులు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. దానితో కిక్కు మునుపటిలా బరువెక్కితే అంచు ఇంకా కాలలేదని అనుకోవచ్చు. వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ చూడండి. మళ్లీ బిగుసుకున్నా, మొదటిసారే కిక్కు బరువెక్కకపోయినా హెడ్డు దించవలసిందే. దించిన తరువాత వాల్వులు విప్పకముందే హెడ్డును తిరగేసి పెట్టి, వాల్వు తలలు ఉన్న గిన్నెలో కిరోసిన్ పోసి పది నిమిషాలు ఆగమనండి. ఏ పోర్టులోంచి కిరోసిన్ కారితే లోపం ఆ వాల్వుదే. అంచు బాగానే ఉంటే గ్రైండింగ్ పేస్టుతో నూరితే సరిపోతుంది. సీటు లోతుగా దిగి ఉంటే ఎంత నూరినా ఇంకా లోతుకు దిగడమే తప్ప ప్రయోజనం లేదు. లేతు పని తెలిసిన చోట పాత సీటు తీయించి గట్టి రకం సీటు దిగ్గొట్టించాలి, దానితోపాటే గైడూ వాల్వూ కొత్తవి వేయించాలి. అది తేలే వరకు పంటు దాటి గట్టు ఎక్కే ప్రయాణాలు మానుకుని, చించినాడ వంతెన మీదుగా నిదానంగా వెళ్లి రండి.